క్లాసుల చెప్పిన మాట

నారాయణఖేడ్
14 ఆగస్టు 2002

గ్రేసమ్మ అత్తకు,

నీ మేనకోడలు క్రిస్టీనా రాస్తున్న. నువ్వు బస్సుల పంపిన చింతతొక్కు చేరింది. మూత ఊడి సగం సంచికే అంటింది గని మిగిలింది చాలు. వాన పడితే నా రూముల ఒక మూలకు బకెటు పెట్టాలె. ఆ చప్పుడుకు అలవాటు పడ్డ, ఇప్పుడు చప్పుడు లేకుంటేనే నిద్ర వస్తలేదు.

ఒక సంగతి చెప్దామని రాస్తున్న. ఫోన్ చేద్దామంటే మీ చింతలగట్టుకు ఫోను ఉన్నది హన్మయ్య దుకాణంలనే. ఇది ఆ దుకాణంల మాట్లాడే మాట కాదు.

డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెప్పవట్టి రెండేండ్లయింది కద. నోట్సు చెప్పిన, వాళ్లు రాసుకున్నరు, పరీక్షల దించిండ్రు, మరిచిపోయిండ్రు. కుటుంబం అంటే ఏంది అని అడిగితే గడగడ చెప్తరు. మీ ఇంట్ల అమ్మ అందరు తిన్నంకనే ఎందుకు తింటది అంటే ఒక్కలు నోరు తెరవరు. ఈ యేడు పద్ధతి మార్చిన. ఒక నవల పట్టుకపోతున్న. చెరుకు కొట్టుటానికి పక్క రాష్ట్రం పోయిన ఒక ఆడమనిషి కథ. రోజొక అధ్యాయం చదివి, పుస్తకం మూసి, "ఇసొంటిది మీ ఇంట్ల జరిగిందా? ఇష్టమున్నోళ్లు చెప్పుండ్రి" అంటున్న. మొదటి వారం నవ్విండ్రు. రెండో వారం ఒక పిల్లగాడు లేచి, పటేలు ఇంటికి పోతే మా నాయినను ఎక్కడ కూసోమంటరో చెప్పిండు. ఆ తర్వాత ఆపుదామన్నా ఆగుతలేరు. కుల వ్యవస్థ పాఠం నేను చెప్పే అవసరమే పడలే అత్తా!

పోయిన శుక్రవారం మీ ఊరి పిల్ల ఒకతి లేచింది. తన నాయనమ్మకు జరిగిన అన్యాయం చెప్పింది. విని క్లాసంత ఏడ్చింది. అట్ల చెప్పిన పిల్ల శనివారం నుంచి కాలేజికి వస్తలేదు. నాకు పరేషాన్ అయితున్నది. క్లాసుల చెప్పినోళ్ల పేరు బయటికి పోదని పిల్లలకు మాట ఇచ్చిన, అందుకే నీకు గూడ పేరు రాస్తలేను. మీ ఊరి నుంచి వచ్చే ఆడపిల్లలు ఇద్దరే కద, ఇద్దరిని చూడు. పానం మంచిగున్నదా, ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా, ఊకెనే అడిగినట్టు అడిగి రా.

నీ మోకాళ్లకు ఆ నూనె రాస్తున్నవా?

నీ
క్రిస్టీనా


చింతలగట్టు
22 ఆగస్టు 2002

బిడ్డ క్రిస్టీనాకు అత్త రాసే జవాబు.

దేవుని దయతోని మంచిగున్న. మోకాళ్లు వాటి పని అవి చేస్తున్నయి, నా పని నేను చేస్తున్న. పెసర్లు ఈసారి పురుగు పట్టినయి. మన ప్రార్థనల గుడి పైకప్పు రేకు గాలికి లేసి పడ్డది, సంఘపోళ్లు మాట్లాడుతుండ్రు, మాట్లాడుడే గని ఎక్కేటోడు లేడు.

నువ్వు పేరు రాయకుంటే నాకు తెల్వదా? ముప్పై ఏండ్లు ఈ చుట్టుపక్కల నర్సమ్మగ తిరిగిన. మీ కాలేజికి వచ్చేటోళ్లు హన్మయ్య మనుమరాలు అరుణజ్యోతి, పోశమ్మ బిడ్డ నీలమ్మ. నీలమ్మ నోరు తెరిచి నాకు వందనం చెప్పంగ నేను చూడలే. ఆ పిల్ల నలుగురి ముంగట నిలబడి కథ చెప్తదా? ఇంక మిగిలింది అరుణజ్యోతి. దాని నాయనమ్మ సంగతి ఊరందరికి ఎరుకే. హన్మయ్య రెండోదాన్ని తెచ్చుకొని, మొదటామెను పశువుల కొట్టంల పండవెట్టిండు. పాపం, ఆ కొట్టంలనే పోయింది.

మొన్న వాళ్లింటికి పోయిన. హన్మయ్య అరుగు మీదనే ఉన్నడు. "మీ పొల్ల కాలేజిల వాళ్ల నాయనమ్మ కథ మస్తు మంచిగ చెప్పిందట, మా క్రిస్టీనా మెచ్చుకున్నది. మరి ఎందుకు తోలుతలేవు?" అని అడిగిన. ఆయన చెయ్యిల బీడీ ఆగింది. పొల్ల గడప దగ్గర నిలబడి ఉన్నది, మొఖం తెల్లగయింది. "నేను చెప్పలే తాతా" అనుకుంట లోపటికి ఉరికింది. సిగ్గు పడ్డది అనుకున్న. కాలేజికి రాంది ఎందుకంటే, దాని అన్న శ్రీను పెండ్లాం మణెమ్మ కడుపుతోని ఉన్నది, ఇంట్ల పనికి మనిషి లేదు. అంతే సంగతి. నువ్వు పరేషాన్ కాకు.

మణెమ్మ కాళ్లు జర వాచినట్టు కనవడ్డయి. దవాఖానల చూపియ్యుండ్రి అని చెప్పి వచ్చిన.

తొక్కు మళ్ల పంపుత, సీసా గట్టిగ కట్టి.

నీ అత్త
గ్రేసమ్మ


నారాయణఖేడ్
29 ఆగస్టు 2002

అత్తా,

నీ ఉత్తరం చదివినంక రెండు రోజులు నాకు అన్నం పోలే. అరుణజ్యోతి గూడ వస్తలేదనే మాట నేను నీకు రాయలేదు, అదొక తప్పు. గని చెప్పింది ఆ పిల్ల కాదు, నీలమ్మ. అరుణజ్యోతి హన్మయ్య మనుమరాలని నాకు నీ ఉత్తరం చూసినంకనే తెలిసింది.

ఇంక దాచి ఏం లాభం? ఆ రోజు ఏమయిందో రాస్తున్న. నవలల ఒక అధ్యాయం ఉన్నది, పనికి పోయిన గుంపుల ఒక పసిపిల్ల చస్తది, అందరు కలిసి ఆ ఆడమనిషి మీద అనుమానం పెడతరు. పుస్తకం మూసినంక నీలమ్మ లేచింది. ఆ పిల్ల గొంతు నేను వినుడు అదే మొదలు.

"మా నాయనమ్మ పేరు సంగమ్మ" అన్నది. "ఊర్ల ఒకాయన కొడుకు జరమొచ్చి చచ్చిపోతే, మా నాయనమ్మ బాణామతి చేసిందన్నరు. పండ్లు లేకుంటే మంత్రం పలకదంట. పగటిపూట, అందరు చూస్తుంటే, స్తంభానికి కట్టి పట్కారుతోని పండ్లు పీకిండ్రు. నేను పుట్టకముందు సంగతి. ఆ తర్వాత ఆమె మాట ఎవ్వరికి సమజయ్యేది కాదు. నాకొక్కదానికే సమజయ్యేది. దుకాణంకు పోయినా, బాయికాడికి పోయినా ఆమె అన్నది నేను తిరిగి చెప్పేదాన్ని. ఆమె పోయినంక నాకు మాట్లాడే పని లేకుంటయింది."

అప్పుడు నేనొక ప్రశ్న అడిగిన అత్తా. "పట్కారు పట్టుకున్నది ఎవరు?" అన్న. పాఠంల అధికారం గురించి చెప్పాలె కద, అందుకని. నీలమ్మ రెండో బెంచి దిక్కు చూసి, "హన్మయ్య" అన్నది. రెండో బెంచిల అరుణజ్యోతి తల వంచుకొని ఉన్నది. వింటలేదేమో అనుకున్న.

ఇప్పుడు నువ్వు పోయి హన్మయ్య ముంగటనే నాయనమ్మ కథ అని చెప్పినవు. నిన్ను చూసి రమ్మన్న గని అరుగు మీద చెప్పి రమ్మన్ననా? ఆ పిల్ల తనను తాను కాపాడుకోను నిజం చెప్పకుంట ఉంటదా? ఇంతకు చెప్పిందా? జల్దీ రాయి. పోశమ్మను, నీలమ్మను ఒకసారి చూడు.

క్రిస్టీనా


చింతలగట్టు
12 సెప్టెంబర్ 2002

క్రిస్టీనాకు,

నీ ఉత్తరం చేరింది. జవాబు రాయబుద్ధి కాలే, అందుకే ఆలస్యం. నువ్వు కాలేజిల చెప్పే మేడం గావచ్చు, నీ బొడ్డు కోసింది నేను. పేరు రాయక నువ్వు దాచిపెట్టి, తప్పు ఇంటికి పోయినవని నన్నంటవా? సంగమ్మ పేరు రాస్తే నేను ఆ అరుగు ఎక్కుదునా?

సంగమ్మకు అట్లయిన దినం నేను కల్హేర్ దిక్కు డ్యూటీల ఉన్న. వచ్చేసరికి అంతా అయిపోయింది. దవుడలు వాచి ఉంటే ఉప్పునీళ్లతోని కడిగింది నేను, నెలరోజులు గంజి పోసింది నేను. నాకు నువ్వు చెప్తవా?

అయింది ఇది. నేను వచ్చినంక హన్మయ్య ఆ పొల్లను రెండు దెబ్బలు కొట్టిండట. నాయనమ్మను కొట్టంల పండవెట్టిన సంగతి బయట చెప్పిందనుకున్నడు. దెబ్బలకు ఆ పొల్ల, "నేను కాదు తాతా, నీలమ్మ. పట్కారు నువ్వు పట్టినవని అందరి ముంగట చెప్పింది" అన్నది. తెల్లారి హన్మయ్య నా తానకు వచ్చిండు. ఎన్నడు నా గడప తొక్కనోడు. మంచం మీద కూసోలే, నిలబడే అడిగిండు.

"గ్రేసమ్మా, మీ మేనకోడలు పుస్తకం అచ్చేస్తదట కద? పోలీసులకు ఇస్తదట?"

"పుస్తకం లేదు, ఏం లేదు. పిల్లల పాఠం" అన్న.

"పాఠంల మా పేరెందుకు?" అన్నడు.

దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

నీలమ్మ జరంతోని పండుకున్నది. చెప్పిన తర్వాత భయమేసిందట. పోశమ్మ చదువు బంద్ పెడతనన్నది. నేను కూసొని నచ్చజెప్పిన. "ఇప్పుడు ఇంట్ల కూసుంటే తప్పు చేసినట్టే అయితది" అన్న. సోమవారం నుంచి వస్తది. అరుణజ్యోతి గూడ వస్తదట, మనువు కుదిరేదాక చదువుకోమన్నరట.

నాకు కోపంగ ఉత్తరాలు రాయకు. ఈ ఊర్ల నాకు నువ్వు తప్ప రాసేటోళ్లు లేరు.

గ్రేసమ్మ


నారాయణఖేడ్
4 అక్టోబర్ 2002

అత్తకు, నీ కాళ్లకు మొక్కి రాస్తున్న.

కోపంల ఏదో రాసిన. నీదేం తప్పు లేదు. అడిగింది నేను, దాచింది నేను.

హన్మయ్య అడిగినదానికి జవాబు ఆలోచించిన. పాఠంకు ఆ పేరు అవసరమే లేకుండె.

నీలమ్మ వచ్చింది. మూడో బెంచిల ముగ్గురు కూసునేది. వచ్చిన రోజు పక్కనున్న ఇద్దరు లేచి వెనుకకు పోయిండ్రు. నేను చూసి గూడ ఏమనలే, సర్దుకుంటరనుకున్న. తెల్లారి నాలుగో బెంచి గూడ ఖాళీ అయింది. వరండాల కుండ దగ్గర ఆ పిల్ల నీళ్లు తాగినంక ఒక పిల్ల గిలాస మట్టితోని తోమింది. అత్తా, వీళ్లంత ఆ కథ విని ఏడ్చిన పిల్లలే! కళంకం అంటే ఏంది అని యూనిట్ టెస్టుల అడిగితే, అందరు మంచిగ రాసిండ్రు. అందరికి మార్కులు వేసిన.

ఒక పిల్లగాడు క్లాసు అయినంక ఆగి అడిగిండు. "మేడం, కోపం చేయకుండ్రి. బాణామతి అసలే లేదంటరా? జర్రంత గూడ లేదా?"

"లేదు."

"మరి మా ఊర్ల ఒకామె బట్టలు ఉన్నకాడనే కాలినయి కద మేడం."

ఎంతసేపు చెప్పినా, వాడు తల ఊపుకుంటనే ఉన్నడు గని, నమ్మలే. పుస్తకంల ఆడమనిషి మీద వాడికి దయ ఉన్నది. నీలమ్మ మీద భయమున్నది. ఈ రెండింటి నడుమ ఎట్ల పాఠం చెప్పాల్నో నాకు ఏ ట్రైనింగుల చెప్పలే.

అరుణజ్యోతి రెండో బెంచిల ఒక్కతే. ఎవరు దూరం పెట్టలే, తానే ఎవ్వరి పక్కన కూసుంటలేదు.

నీలమ్మను పిలిచి అడిగిన, "నీకు భయముంటే ఆ రోజు ఎందుకు చెప్పినవు బిడ్డా?"

"మీరు అడిగిండ్రు కద మేడం" అన్నది. "ఇంతకుముందు ఎవ్వరు అడగలే."

ప్రిన్సిపాల్ సారు పిలిచి, కథలు జర తగ్గించి సిలబస్ చూడమ్మా అన్నడు. ఆయన మంచోడే. ఎవరో చెవుల వేసినట్టుంది.

ఊర్ల ఎట్లున్నది? మణెమ్మకు కాళ్లవాపు తగ్గిందా?

నీ
క్రిస్టీనా


చింతలగట్టు
27 అక్టోబర్ 2002

బిడ్డా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్న, జల్దీ చేరాలని.

మణెమ్మకు వాపు మొఖం దాక ఎక్కింది. తలనొప్పి, కండ్లు మసకలు అంటుండె. మొన్న బువ్వ వండంగ పడిపోయి కొట్టుకున్నదట, నోట్ల నురగ. గుర్రపువాతం అది. కడుపుతోని ఉన్నోళ్లకు వస్తది, దవాఖానకు తోల్కపోకుంటే తల్లి, బిడ్డ ఇద్దరు దక్కరు. ఉరికిన. హన్మయ్య తలుపు సగం మూసి నిలబడ్డడు.

"నువ్వు పోశమ్మ ఇంట్ల కూసొని వస్తున్నవు. మా ఇంట్లకు రాకు" అన్నడు.

"శ్రీనును ఈ చేతులతోని బయటికి తీసిన హన్మయ్యా. పొల్లను బీదరుకన్న సంగారెడ్డికన్న తోల్కపో" అన్న.

"చూసేటోడు వస్తుండు" అన్నడు.

కర్ణాటక దిక్కు నుంచి ఒకడు వచ్చిండు. తాయెత్తులు కట్టి, పొగ వేసి, మణెమ్మ తలాపున కూసొని ఒక్కటే అడిగిండట: "ఈ ఊర్ల పాత పేరు ఎవరన్న కొత్తగ పలికిండ్రా?" అని. ఇంట్ల ఎవ్వరు మాట్లాడలేదట. ఎవ్వరు మాట్లాడకుంటేనే వానికి తెలిసిపోయింది. సంగమ్మ చచ్చినా విద్య చావలేదు, కోడలికి దిగింది, మనుమరాలు పేరు పలికి లేపింది అని చెప్పి పోయిండు.

అప్పటి నుంచి పోశమ్మ బోరింగు కాడికి పోతే బిందెలు పట్టుకొని అందరు జరుగుతుండ్రు. కూలికి పిలుస్తలేరు. పొద్దంత ఆమె ఇంటి ముంగట ఎవరో ఒకలు ఊకెనే నిలబడుతుండ్రు. ఏమనరు, చూస్తరు. సంగమ్మప్పుడు గూడ ముందు గిట్లనే చూసిండ్రట.

నువ్వు పోలీసులను తోల్కరాకు. వాళ్లు జీపుల వచ్చి పోతరు, ఆ తర్వాత ఉండేటోళ్లం మేము. నేను హన్మయ్యతోని ఇంకొకసారి మాట్లాడుత. నా మాట తీసేయడు. వాని ఇంట్ల పుట్టినోళ్లందరు నా చేతుల మీద పుట్టినోళ్లే.

గ్రేసమ్మ


నారాయణఖేడ్
31 అక్టోబర్ 2002

అత్తా,

నీ ఉత్తరం అందింది. నాకు నీ ధైర్యం నచ్చుతలేదు. నేను స్టేషనుకు పోత అంటున్న, నువ్వు వద్దంటున్నవు. అక్కడ ఉన్నది నువ్వు, నేను కాదు, అందుకే ఆగుతున్న. ఒక్కమాట రాయి, పోనా వద్దా.

నీలమ్మ నిన్న వచ్చింది. నా రూముల ఉండుమన్న. "అమ్మ ఒక్కతే ఉన్నది మేడం" అన్నది. బస్సు ఎక్కేదాక నిలబడ్డ. ఎక్కినంక కిటికీల నుంచి నన్ను చూసి నవ్వింది. ఎప్పుడు నవ్వని పిల్ల.

అరుణజ్యోతిని గూడ ఆపి అడిగిన. వదినె ఎట్లుందంటే ఏడ్చింది. "గుర్రపువాతం అంట, దవాఖానల నయమైతదట, మీ ఇంట్ల చెప్పరాదు?" అన్న. "మా ఇంట్ల నేను చెప్పిన ఒక్క మాటనే విన్నరు మేడం. అది నీలమ్మ పేరు" అన్నది.

జవాబు జల్దీ పంపు. నీ జవాబు కోసం చూస్తున్న.

క్రిస్టీనా


చింతలగట్టు
9 నవంబర్ 2002

క్రిస్టీనా,

నీ ఉత్తరం నాకు అంతా అయిపోయినంక అందింది. పోవద్దని రాసింది నేనే. నువ్వు నా మాట విని ఆగినవు. ఇంక ఆ సంగతి నేను మోస్తునే ఉంటా, నువ్వు ఓదార్చకు.

దీపావళి అమాస నాడు, పొద్దున బువ్వల టైముకు వచ్చిండ్రు. ఆ కర్ణాటకోడు, హన్మయ్య, శ్రీను, ఇంక ఊరోళ్లు మస్తుమంది. ఊకెనే చూడవచ్చినోళ్లే ఎక్కువ. నేను పోశమ్మ గడపల నిలబడ్డ.

"పక్కకు జరుగు గ్రేసమ్మా" అన్నడు హన్మయ్య.

"జరగ."

శ్రీను నా రెక్క పట్టి గుంజిండు. వాడు పుట్టినప్పుడు ఏడ్వలేదు, కాళ్లు పట్టి తలకిందులు చేసి వీపు మీద కొట్టి నేనే ఏడిపించిన. వాడే నన్ను గోడకు నెట్టిండు. మోచెయ్యి చిట్లింది, కట్టు కట్టుకున్న, ఎడమ చెయ్యితోని కాగితం ఒత్తిపట్టి రాస్తున్న.

పోశమ్మను బయటికి తెచ్చిండ్రు. నీలమ్మ తల్లి మీద పడి పట్టుకున్నది. "నేను చెప్పిన, నా పండ్లు పీకుండ్రి" అని ఒక్కటే ఒర్రుడు. దాన్ని ఇద్దరు ఆడోళ్లు పట్టి గుంజిండ్రు. ఆడోళ్లు, బిడ్డా. మన గుడికొచ్చే ఒకామె గూడ ఉన్నది. పోశమ్మ ముంగటి పండ్లు పీకిండ్రు. ఎన్నని నేను లెక్కపెట్టలే.

ఇంకా ఆపేటట్టు లేరు. అప్పుడే ఎవరో ఉరికొచ్చి శ్రీనుకు చెప్పిండ్రు, "నీ పెండ్లాం ఇంట్ల లేదు" అని. మొగోళ్లంత ఇక్కడ ఉన్నప్పుడు, అరుణజ్యోతి ఆటోను పిలిచి, మణెమ్మను దుప్పట్ల చుట్టి, ఒక్కతే ఎక్కించుకొని దవాఖానకు పోయింది. శ్రీను అన్నీ ఇడిచి ఆటో పోయిన తొవ్వ పట్టిండు. వాని వెంబడి కొందరు. మిగిలినోళ్లకు ఏం చేయాల్నో తోచలే. ఒకలి మొఖం ఒకలు చూసుకొని, ఇంటికి పోయిండ్రు. కర్ణాటకోడు ముందే పోయిండు. అంత మంది, అట్ల, పని అయిపోయినట్టు పోయిండ్రు.

దవాఖానల ఆ పొల్ల డాక్టరమ్మకు చెప్పిందట, "మా ఊర్ల ఒకామెను చంపుతుండ్రు, పోలీసులకు ఫోన్ చేయుండ్రి" అని. జీపు వచ్చింది. హన్మయ్యను, శ్రీనును, ఇంక ఇద్దరిని తోల్కపోయిండ్రు. మణెమ్మ బతికింది. కడుపుల పిల్ల దక్కలే.

తల్లీబిడ్డలు ఖేడ్ దవాఖానల ఉన్నరు. నువ్వు చూస్తనే ఉండొచ్చు. నీ రూముల చోటియ్యి.

గ్రేసమ్మ


నారాయణఖేడ్
25 నవంబర్ 2002

అత్తా,

పోశమ్మ, నీలమ్మ నా రూములనే ఉన్నరు. పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే ఉంటది, పండుకున్నప్పుడు గూడ. జావ కాస్తే ముఖం అటు దిక్కు తిప్పి తాగుతది. ఆమె ఏమన్న అంటే నాకు సమజైతలేదు. నీలమ్మ తిరిగి చెప్తున్నది. మొదటిసారి అట్ల చెప్పినప్పుడు నేను బయటికి పోయి కూసున్న.

కాలేజికి రాజీనామా రాసి పెట్టిన. పిల్లల ఇంటి కథలు తీసి బల్ల మీద పెట్టే హక్కు నాకెవరిచ్చిండ్రు? నవలల ఆడమనిషికి ఏం జరిగినా పుస్తకం మూస్తే అయిపోతది. పుస్తకం మూసినంక పిల్లలు ఏ బస్సు ఎక్కుతరో, ఏ ఊర్ల దిగుతరో నేను ఆలోచించలే.

చివరి క్లాసు అనుకొని పోయిన. నీలమ్మ నా వెంబడి వచ్చింది. నేను గైడు తీసి, సామాజిక మార్పు అని బోర్డు మీద రాసి, చెప్పుడు షురూ చేసిన. ఎవ్వరు రాసుకుంటలేరు. నీలమ్మ లేచి, "మేడం, ఆ పుస్తకం సగమే అయింది" అన్నది.

"ఇగ చదవ."

"ఆమె ఏమయిందో చెప్పకుండ ఆపుతరా?" అన్నది. గొంతుల కోపం ఉన్నది అత్తా. నా మీదనే.

అప్పుడు రెండో బెంచిల నుంచి అరుణజ్యోతి లేచింది. ఆ పిల్ల ఇప్పుడు జహీరాబాదుల వాళ్ల మేనమామ ఇంట్ల ఉండి వస్తున్నది, ఊర్లకు పోతే ఏం చేస్తరో తెల్వదు. "నాకు గూడ చెప్పేది ఉన్నది" అన్నది. ఎవ్వరి మొఖం చూడలే, కిటికీ దిక్కు చూసుకుంట చెప్పింది. తాత కొడితే నీలమ్మ పేరు చెప్పిన సంగతి, పొగల వదినె పక్కన కూసున్న సంగతి, ఆటోల వదినె పట్టుకున్న చెయ్యి సల్లబడుకుంట వచ్చిన సంగతి. ఆఖరుకు, "కోర్టుల గూడ చెప్త" అన్నది. నీలమ్మ లేచి పోయి ఆ పిల్ల బెంచి మీదనే, ఈ చివరకు కూసున్నది. నడుమ ఇంకొకలు కూసునేంత జాగా ఉండె. మాఫ్ చేసిందని నేను అనను.

నవల తీసి చదివిన. రాజీనామా సంచిలనే ఉన్నది.

నువ్వు ఒక్కదానివే అక్కడ ఎట్లున్నవు? మోచెయ్యి కట్టు తీసిండ్రా? ఇక్కడికి రా అత్తా. జాగా లేకుంటే నేను కింద పండుకుంట.

నీ
క్రిస్టీనా


చింతలగట్టు
18 జనవరి 2003

నా బిడ్డకు,

చెయ్యి అతికింది, పూరా తిరుగుతలేదు. చలి బాగున్నది. గుడి రేకు ఎక్కించిండ్రు.

హన్మయ్యోళ్లు బెయిలు మీద వచ్చిండ్రు. దుకాణం తెరిచిండ్రు. ఊరు మొత్తం ఏమి కానట్టే ఉన్నది. మణెమ్మ పుట్టింటికి పోయింది, ఇగ రాదట. శ్రీను తాగుతుండు. వాడు దుకాణం ముంగట పడి ఉంటే, ఆ దినం చూడవచ్చినోళ్లే అయ్యో అంటుండ్రు.

నీకు రాయొద్దనుకున్న. రాయకుంటే ఏమైతదో ఒకసారి చూసినం కద, అందుకే రాస్తున్న. పోయిన వారం ఈ వాడల ఒక పసిపిల్లకు జరమొస్తే గోలీ ఇచ్చిన. తల్లి నా ముంగటనే మోరిల పారేసింది. ఎందుకమ్మా అంటే, "నీకు పోశమ్మ నేర్పిందట" అన్నది. నవ్వొచ్చింది. నవ్వితే ఆమె పిల్లను కొంగుల దాచుకొని ఉరికింది. ఆ పిల్లను గూడ నేనే పుట్టిచ్చిన.

ఆదివారం గుడిల నా చాప మీద ఎవ్వరు కూసోలే. పాస్టరు అయ్యగారు ప్రార్థనల నా పేరు తీసుకున్నడు, ఒక్కలు ఆమెన్ అనలే. నిన్నటి నుంచి నా ఇంటి ముంగట, వేపచెట్టు కింద, ఇద్దరు ముగ్గురు ఊకెనే నిలబడుతుండ్రు. ఏమనరు. చూస్తరు.

ఆ కర్ణాటకోడు వచ్చే అమాసకు మళ్ల వస్తడని దుకాణంల అనుకుంటుండ్రట.

నువ్వు రమ్మంటవని తెలుసు. నేను రాను. నేను ఈ ఊరు ఇడిస్తే, తప్పు చేసి పారిపోయిందంటరు, నా వెనుక ఇంకొకామెను చూసుకుంటరు. నా వయసుకు పండ్ల మీద ఆశ లేదు. భయం ఉన్నది, లేదనను. మనుషులు కొడతరని కాదు, ఆ మొఖాలన్ని నాకు తెలిసినవే అయితయని.

ఇంతకంటే రాయలేను. పోశమ్మకు నా వందనాలు చెప్పు.

నీ అత్త
గ్రేసమ్మ


నారాయణఖేడ్
24 జనవరి 2003

అత్తా,

ఈసారి నిన్ను అడగలే. స్టేషనుకు పోయి కాగితం రాసిచ్చి, సంతకం పెట్టి వచ్చిన. అమాస రోజు ఊర్ల ఉంటమని మాట ఇచ్చిండ్రు. మణెమ్మకు వైద్యం చేసిన డాక్టరమ్మ గూడ వచ్చి ఊరోళ్లతోని మాట్లాడుత అన్నది.

వాళ్లు అమాసకు వస్తరు. ఆ ముందుగాల దినాలు నువ్వు ఒక్కదానివే కద. అందుకే నేను సెలవు పెట్టిన. సోమవారం వస్తున్న. ఇంత సంగతి క్లాసుల చెప్పలే, పిల్లలను ఇంకోసారి మంటల పెట్టదలుచుకోలే. నీలమ్మ నా మొఖం చూసి అడిగింది, చెప్పిన. "నేను గూడ వస్త" అన్నది. వద్దన్న. "అది మా ఊరు మేడం, మీ ఊరు కాదు" అన్నది. పోశమ్మ లోపట నుంచి ఏదో అన్నది. ఏమంటుందని అడిగితే నీలమ్మ చెప్పింది: "గ్రేసమ్మ గడపల నిలబడ్డప్పుడు ఒక్కతే ఉండె, ఈసారి ఉండొద్దు అంటుంది."

అరుణజ్యోతికి ఎవరు చెప్పిండ్రో తెల్వదు. నిన్న వరండాల ఆపి, బస్సు ఎన్నింటికి అని అడిగింది. నేను జవాబు ఇయ్యలే. నీలమ్మ ఇచ్చింది.

ముగ్గురం వస్తున్నం అత్తా. ఏమైతదో నాకు తెల్వదు. నీకు ధైర్యం చెప్పేంత ధైర్యం నా తాన లేదు.

పగటి బస్సుకే వస్తున్నం. హన్మయ్య దుకాణం ముంగటనే దిగుతం. అందరు చూడనీ.

క్రిస్టీనా